శనివారమా, ఆదివారమా? విశ్రాంతి దినం సంగతి ఇంట్లో తేల్చుకునే పద్ధతి

తిరుపతిలో పని ఎక్కువగా దొరికేది శనివారమే. లాడ్జీలు, హోటళ్లు, ట్యాక్సీలు, కొండ బస్సులు ఆ రోజు కిటకిటలాడతాయి, తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) మరీనూ. బైబిలు ఆజ్ఞ చెప్పే ఏడో దినం శనివారం, ఎక్కువమంది క్రైస్తవులు కూడుకునేది ఆదివారం. ఈ ఊళ్లో శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించాలనుకునే క్రైస్తవ కుటుంబం నాలుగు డబ్బులు వచ్చే రోజునే పని మానుకోవాలి. అందుకే ముందు బైబిలు వాక్యంలో సంగతి తేల్చుకోండి, ఆ తర్వాతే ఇంట్లో మార్పులు మొదలుపెట్టండి. ఎవరో ఇచ్చిన కరపత్రం చదివి ఆవేశంతో మొదలుపెట్టినవి జీతం కోత పడగానే ఆగిపోతాయి.

చదవడానికి నాలుగు వారాలు పెట్టుకోండి. వారానికి ఒక సాయంత్రం, గంటసేపు చాలు. మొదటి వారం నిర్గమకాండము 20:8-11నూ, ద్వితీయోపదేశకాండము 5:12-15నూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆజ్ఞ ఒక్కటే, కారణాలు రెండు. మొదటిచోట సృష్టి, రెండోచోట ఐగుప్తు బానిసత్వం. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద కూడా ఆ రోజు అలుపు తీర్చుకోవాలని రెండోది నొక్కి చెబుతుంది. తర్వాత ఆదికాండము 2:2-3, నిర్గమకాండము 31:13-17 చూడండి. అసలు వాదమంతా ఈ రెంటి మధ్యే. మొదటిదాన్ని పట్టుకున్నవాళ్లు ఇది మనుషులందరికీ అంటారు. ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన గురుతు అని రెండోదాంట్లో ఉంది కాబట్టి ఇది ఆ జనానికే అంటారు మిగతావాళ్లు.

రెండో వారం సువార్తలు: మార్కు 2:23 నుంచి 3:5 వరకు, లూకా 13:10-17. యేసు ఆ దినాన్ని కొట్టెయ్యలేదు. దాన్ని మనుషుల మీద బరువుగా మార్చినవాళ్లను సరిదిద్దాడు.

మూడో వారానికి మాత్రం గంట చాలదు, రెండు గంటలు తీసుకోండి. అపొస్తలుల కార్యములు 13, 16, 18 అధ్యాయాల్లో పౌలు విశ్రాంతి దినాన యూదుల సమాజమందిరానికో, నదీతీరాన ప్రార్థన జరిగేచోటికో వెళ్తాడు. 15వ అధ్యాయంలో అన్యజనుల (యూదులు కానివాళ్ల) నుంచి వచ్చిన విశ్వాసులకు పెట్టిన నియమాల్లో విశ్రాంతి దినం ప్రస్తావనే లేదు. రోమా 14:5-6, కొలొస్సయి 2:16-17 కూడా చదవండి.

ఇక్కడ మన తెలుగు బైబిలుతో ఒక జాగ్రత్త అవసరం. అపొస్తలుల కార్యములు 20:7లో 'ఆదివారమున' అని ఉంటుంది. గ్రీకులో ఉన్నది 'వారపు మొదటి దినం'. యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. దీపాలు పెట్టుకుని అర్ధరాత్రి దాకా సాగిన ఆ కూడిక మన లెక్కలో శనివారం రాత్రి జరిగి ఉండవచ్చు కూడా. ఈ ఒక్క వచనం మీద ఎటువైపూ మేడ కట్టకండి. హెబ్రీ 4:9లో ఇబ్బంది మరో రకం. తెలుగులో ఆ అధ్యాయమంతా 'విశ్రాంతి' అనే కనిపిస్తుంది. గ్రీకులో ఆ ఒక్క వచనంలో మాత్రం మాట మారి 'సబ్బాటిస్మోస్' అవుతుంది, అంటే విశ్రాంతి దినపు ఆచరణ. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఇంకెక్కడా లేదు.

నాలుగో వారం చరిత్ర. ఆదివారాన్ని కాన్‌స్టాంటైన్ అనే రోమా చక్రవర్తి పుట్టించాడని కొందరు గట్టిగా చెబుతారు, అది తప్పు. అతని శాసనం క్రీ.శ. 321 మార్చి 7 నాటిది. 150 ప్రాంతంలోనే రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ఆదివారపు కూడిక గురించి రాశాడు. ఆదివారం మొదటినుంచీ సెలవు దినమే అన్న మాట కూడా నిలవదు. పట్టణాల్లో ఆ రోజు పని ఆపమన్నది 321 నాటి శాసనమే, అందులోనూ రైతులకు మినహాయింపు ఉంది. నాలుగో శతాబ్దంలో సంఘ పెద్దలు కూడిన లవొదికయ సభ 29వ నిబంధన శనివారం పని మానవద్దని క్రైస్తవులను ఆదేశించింది. మానేవాళ్లు అప్పటికీ ఉన్నారనే కదా దాని అర్థం! ఇథియోపియా సంఘం ఈనాటికీ రెండు రోజులనూ గౌరవిస్తుంది.

ఇవన్నీ చూశాక మా నిర్ణయం ఇది: అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసి మీద ఫలానా రోజు అనే చట్టం లేదు. విశ్రాంతి మాత్రం దేవుడిచ్చిన వరం, దాన్ని పారేసుకోకూడదు. మనస్సాక్షి శనివారం అంటే శనివారమే పాటించండి, ఆదివారం పాటించేవాళ్లకు మాత్రం తీర్పు తీర్చకండి. అటునుంచీ అంతే.

ఇక ఆచరణ. శనివారం పాటించేవాళ్లకు రోజు మొదలయ్యేది శుక్రవారం సూర్యాస్తమయానికి. తిరుపతిలో అది నవంబరు చివర సుమారు 5:40కి, జూలైలో సుమారు 6:40కి. ఏడాది పొడవునా ఆరు గంటలే అనుకుంటే చలికాలంలో ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. అస్తమయానికి గంట ముందే బజారు, స్నానాలు, అన్నం తప్ప మిగతా వంట ముగించండి. నలుగురికి ఒక పూట పులిహోరకు అరకిలో బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు ఉండలు రెండు సరిపోతాయి. గుజ్జును నూనె పైకి తేలేదాకా ఉడికించి గురువారమే దించుకోవచ్చు. నీరు మిగిలితే బూజు పడుతుంది. అన్నం మాత్రం ముందురోజే కలపకండి, వేసవిలో పాడైపోతుంది. పొద్దున కుక్కర్లో పెట్టి కలుపుకుంటే పది నిమిషాల పని.

ఉద్యోగంలో సెలవు అడిగేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. కనీసం రెండు వారాల ముందు కాగితం మీద రాసి, ఆదివారం డ్యూటీ, బ్రహ్మోత్సవాల రోజుల్లో రాత్రి షిఫ్టు మేం చేస్తామని అందులోనే చెప్పండి. ఆ రోజు ఉదయం ఫోన్ చేసి రానంటే పై అధికారి మరోసారి వినడు.

చిత్తూరు వైపు రైతులకు మామిడి కోతల కాలమే అసలు పరీక్ష. దున్నే కాలంలోనూ కోతకాలంలోనూ ఆగమని నిర్గమకాండము 34:21 చెబుతోంది. కోత కూలీలతో శుక్రవారం మధ్యాహ్నానికి ముగిసేలా ముందే మాట్లాడుకోండి. ఆవుల పాలు రెండు పూటలా పితకక తప్పదు, దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. ఎద్దును విప్పి నీళ్లకు తోలుకెళ్లడాన్ని యేసు తప్పుపట్టలేదు. గడ్డి మాత్రం ముందురోజే కోసి పెట్టుకోవచ్చు.

ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఇది: ఇంటివాళ్లు చర్చికి వెళ్తారు, పనమ్మాయి అంట్లు తోముతూ ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 5:14 మాట్లాడేది ఆమె గురించే. జీతం కోయకుండా ఆమెకూ ఆ రోజు సెలవివ్వండి. సంఘంలో ప్రేమవిందు (అందరూ కలిసి తినే భోజనం) ఉంటే వంట ముందురోజే అయిపోవాలి, ఆ రోజు వడ్డన, అంట్లు మగవాళ్లు చూసుకోవాలి. లేకపోతే సంఘమంతా విశ్రాంతి తీసుకున్న రోజున ఆడవాళ్లకు మాత్రం వారంలోకెల్లా ఎక్కువ పని పడుతుంది.