మానసిక గాయం నుంచి కోలుకుంటున్న స్త్రీలతో బృంద చికిత్స నడపడం ఎలా

గృహహింస, లైంగిక దాడి, చిన్ననాటి వేధింపులు వంటి అనుభవాల నుంచి బయటపడుతున్న స్త్రీలతో బృంద చికిత్స మొదలుపెట్టాలనుకునే కౌన్సెలర్ల కోసం, వారితో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల కోసం ఈ సూచనలు రాస్తున్నాను. తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం కొత్త విషయమేమీ కాదు. డ్వాక్రా సంఘాల వల్ల మారుమూల పల్లెల్లోనూ ఆ అలవాటు పాతుకుపోయింది. ఆ అలవాటు మనకు ఎంత కలిసివస్తుందో అంత చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. సంఘం సమావేశంలో హాజరు పట్టీ, తీర్మానాల పుస్తకం, ఒక లీడరు ఉంటారు, అక్కడ అనుకున్న మాట సాయంత్రానికి వీధిలో వినిపించినా ఎవరూ తప్పు పట్టరు. చికిత్సా బృందంలోకి ఈ పద్ధతులు ఏ మాత్రం చొరబడినా నమ్మకం పోతుంది గనుక, ఏర్పాట్లన్నీ ఆ తేడాను దృష్టిలో పెట్టుకునే చేయాలి.

చదువురాని గ్రామీణ స్త్రీలకు ఇటువంటి చికిత్స పనిచేయదన్న అభిప్రాయం మన అధికారుల్లో ఇంకా వినిపిస్తూ ఉంటుంది. తూర్పు కాంగోలో లైంగిక హింసకు గురైన పల్లెటూరి స్త్రీలతో జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. అక్కడ శిక్షణ పొందిన స్థానిక మహిళలే, నిపుణుల పర్యవేక్షణలో, చదువురాని వారికి తగినట్టు మార్చిన చికిత్సను బృందాలుగా నడిపారు. విడివిడిగా ఓదార్పు, సహాయం అందుకున్న వారి కంటే బృందాల్లో పాల్గొన్నవారు స్పష్టంగా ఎక్కువ కోలుకున్నారు. ఇందులో మరిచిపోకూడని మాట ‘నిపుణుల పర్యవేక్షణ’. క్లినికల్ సైకాలజిస్టు గానీ, సైకియాట్రిస్టు గానీ వెనక లేకుండా, మంచి మనసు ఒక్కటే పెట్టుబడిగా ఈ పని మొదలుపెట్టవద్దు.

బృందంలో ఆరు నుంచి పది మంది వరకు చాలు. మధ్యలో కొత్తవారిని చేర్చుకోకుండా, పన్నెండు వారాలో పదహారు వారాలో ముందే నిర్ణయించుకుని, వారానికొకసారి గంటన్నర చొప్పున నడపడం మంచిది. చేర్చుకునే ముందు ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడాలి. జరిగినదంతా రాబట్టడం ఆ సంభాషణ ఉద్దేశం కాదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉంటోంది, రాత్రి నిద్ర పడుతోందా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, హింసించినవాడితో ఒకే ఇంట్లో ఉందా అన్నవి తెలియాలి. ప్రాణభయం ఉన్న ఇంట్లో ఉన్న స్త్రీకి ముందు కావలసింది రక్షణ. ఆమెకు 181 మహిళా హెల్ప్‌లైన్, వైద్యం, న్యాయసహాయం, తాత్కాలిక వసతి ఒకేచోట కల్పించే సఖి కేంద్రం, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణాధికారి ఉన్నారని చెప్పి, వారితో కలిపిన తరువాతే బృందం గురించి ఆలోచించాలి. ఆత్మహత్యాయత్నానికి దగ్గరలో ఉన్నవారికి, లేని మాటలు వినిపిస్తున్నవారికి మొదట వ్యక్తిగత వైద్యం అవసరం. ఇంకొక జాగ్రత్త పుస్తకాల్లో అంతగా కనిపించదు గానీ మనకు చాలా ముఖ్యం: తోడికోడళ్ళను, వియ్యపురాళ్ళను, ఒకే వీధివారిని ఒకే బృందంలో కూర్చోబెట్టవద్దు.

స్థలం విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. పోలీసు స్టేషన్ ఆవరణ, పంచాయతీ కార్యాలయం, ‘బాధిత మహిళల సహాయ కేంద్రం’ అని పెద్ద బోర్డు పెట్టిన గది, ఇవేవీ పనికిరావు. ఆరోగ్య పరీక్షలకో, కుట్టు శిక్షణకో నలుగురూ వచ్చిపోయే భవనంలో లోపలి గది దొరికితే అంతకంటే కావలసింది లేదు. కుర్చీలు గోడకు వీపు ఆనేటట్టు, అందరికీ తలుపు కనబడేటట్టు వేయాలి. తలుపు మూయాలి గానీ గడియ పెట్టకూడదు, ఎందుకంటే బంధించి హింసించిన అనుభవం ఉన్నవారికి గడియ చప్పుడే చాలు, ఒళ్ళు బిగుసుకుపోతుంది. టీ తెచ్చే అబ్బాయి సమావేశం మధ్యలో లోపలికి రాకూడదు. పిల్లలను బడికి పంపి, వంట ముగించుకుని బయటపడే పదకొండు గంటల సమయం చాలామందికి కుదురుతుంది. పసిపిల్లల తల్లులు ఉంటే పక్క గదిలో చూసుకునే మనిషిని పెట్టాలి. వాట్సాప్ గ్రూపు మాత్రం వద్దు; చాలా ఇళ్ళలో భార్య ఫోను భర్త చేతిలోనే ఉంటుంది. ఏ నంబరుకు, ఏ వేళలో, ఏ పేరుతో ఫోను చేయవచ్చో ఒక్కొక్కరినీ ముందే అడిగి తెలుసుకోవాలి.

మొదటి సమావేశంలో గోప్యత గురించి తీరిగ్గా మాట్లాడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యులు, చికిత్సకుల మీద గోప్యతను బాధ్యతగా పెట్టింది, కానీ పక్క కుర్చీలో కూర్చున్నామెను ఆ చట్టం కట్టడి చేయదు కాబట్టి, ఇక్కడి మాట గడప దాటకూడదన్న కట్టుబాటు బృందమే చేసుకోవాలి. మీరు దాచలేని విషయాలు కూడా అప్పుడే చెప్పాలి. ఒకరి ప్రాణానికి ముప్పు ఉందని తెలిసినా, పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద లైంగిక వేధింపు జరుగుతోందని తెలిసినా మౌనంగా ఉండటం కుదరదు. రెండవ సందర్భంలో పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఈ సంగతి ముందు చెప్పకుండా, ఆమె నోరు విప్పిన తరువాత చెప్పడం ద్రోహం కిందే లెక్క.

మొదటి మూడు నాలుగు వారాల్లో ఎవరూ తమ కథ చెప్పకపోయినా కంగారుపడనక్కరలేదు. నిజానికి చెప్పనివ్వకపోవడమే మేలు. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయదు. ఈ వారాల్లో శరీరం గురించి మాట్లాడాలి: ఉలికిపాటు, పీడకలలు, గుండె దడ, అయినదానికీ కానిదానికీ కోపం, ఏమీ అనిపించకపోవడం, ఇవన్నీ ప్రమాదం దాటిన తరువాత కూడా శరీరం కాపలా మానకపోవడం వల్ల వస్తాయని వివరించాలి. ఆ తరువాత స్థిమితపడే పద్ధతులు నేర్పాలి. ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, చూపు ఎక్కడో నిలిచి, పిలిస్తే పలకకపోతే, పేరుపెట్టి మెల్లగా పిలిచి, “పాదాలు నేలకు ఆనించండి, చల్లగా ఉందా? ఈ గదిలో ఎర్రగా కనిపించేవి ఏమున్నాయో చెప్పండి” అని అడగండి. చేతికి చల్లని నీళ్ళ గ్లాసు ఇవ్వండి. అడగకుండా భుజం మీద చేయి వేయవద్దు. నడిపేవారు ఇద్దరు ఉండాలనేది ఇందుకే: ఒకరు మాట నడుపుతుంటే, రెండవవారు ముఖాలు గమనిస్తూ, ఎవరైనా లేచి బయటకు వెళితే వెంట వెళ్ళాలి.

బృందం నడపడంలో అసలు కష్టం సలహాల దగ్గర వస్తుంది. ఒకామె “ఆ రాత్రి నేను అరవలేకపోయాను, నాదే తప్పు” అంటుంది. వెంటనే పెద్దావిడ అందుకుని, “జరిగిందేదో జరిగింది తల్లీ, పిల్లల మొహం చూసి సర్దుకుపో” అంటుంది. ఆ పెద్దావిడ నోరు మూయిస్తే అందరూ ముడుచుకుపోతారు, ఆ మాటను వదిలేస్తే మొదటామె మళ్ళీ రాదు. “అమ్మా, ఆమె మీద ప్రేమతోనే అన్నారు. ఈ మాట మీకు ఎవరైనా చెప్పారా? చెప్పినప్పుడు మీకెలా అనిపించింది?” అని అడిగి ఆగండి. సాధారణంగా మౌనం తరువాత వచ్చేది సలహా కాదు, ఆమె సొంత అనుభవం. భయంతో శరీరం కొయ్యబారిపోవడం మన చేతిలో లేని ప్రతిచర్య అని మీరు చెప్పవలసిందే, అయితే ఎదుటి కుర్చీలోంచి “నాకూ గొంతు పెగల్లేదు” అన్న మాట వచ్చినప్పుడు సిగ్గు సడలినట్టు మీ వివరణతో సడలదు. బృంద చికిత్సను ఎంచుకోవడానికి నాకు తెలిసిన బలమైన కారణం ఇదే. అందుకని ప్రతి ఒక్కరూ ‘నాకైతే’ అని మొదలుపెట్టి మాట్లాడటాన్ని నియమంగా పెట్టండి. “నాకు జరిగింది ఏపాటిది” అని వెనక్కి తగ్గేవారికీ ఈ నియమం చోటు ఇస్తుంది.

కథలు చెప్పే దశ వచ్చినప్పుడు హింస వివరాలను బృందంలో వల్లె వేయించనక్కరలేదు. ఆ ఘటన తన మీద, బిడ్డల మీద, దేవుడి మీద, మనుషుల మీద ఉన్న నమ్మకాన్ని ఎలా మార్చిందో చెబితే చాలు. వివరంగా చెప్పుకోవలసిన అవసరం ఉన్నవారికి విడిగా సమయం కేటాయించండి. ఎవరికైనా కన్నీళ్ళు వస్తే ఊరుకోబెట్టే తొందర వద్దు. ప్రతి సమావేశంలోనూ చివరి పదిహేను నిమిషాలు ఊపిరి అభ్యాసానికి, ఇంటికి ఎలా వెళతారు, ఇవాళ సాయంత్రం ఏం చేస్తారు అన్న మాటలకు కేటాయించి, తేరుకోనివారిని ఒంటరిగా పంపవద్దు. రాత్రివేళ కుదురు తప్పితే మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 అందరికీ నోటికి రావాలి, ఎందుకంటే కాగితం మీద రాసిచ్చిన నంబరు ఇంట్లో దొరికితే అదే ఇంకో గొడవ అవుతుంది.

ముగింపు తేదీని నాలుగు వారాల ముందునుంచే గుర్తుచేస్తూ ఉండండి, హఠాత్తుగా వదిలివేయబడటం వీరికి పాత గాయమే. ఆ తరువాత కలుసుకోవాలా, ఎక్కడ, ఎవరెవరు అన్నది వారే నిర్ణయించుకుంటారు. మూడు నెలలకు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే బాధ్యత మాత్రం మీది. రికార్డుల్లో చేరిన తేదీ, హాజరు, లక్షణాల తీవ్రత సంకేత సంఖ్యలతో రాసి తాళం వేసిన బీరువాలో ఉంచండి, కథలు రాయవద్దు. నడిపే ఇద్దరూ ప్రతి సమావేశం తరువాత అరగంట కూర్చుని మాట్లాడుకోవాలి, పదిహేను రోజులకొకసారి పర్యవేక్షకులను కలవాలి. మీకే పీడకలలు మొదలైనా, ఎవరి కథనైనా వినబుద్ధి కాకపోయినా ఆ సంగతి అక్కడ దాచకుండా చెప్పి, అవసరమైతే తరువాతి బృందానికి మరొకరిని కూర్చోబెట్టండి.