కోడ్‌షేర్ విమానంలో వెళ్తే మైల్స్ ఎందుకు పడవు?

అమ్మ, మా అన్నయ్య దగ్గర్నుంచి తిరిగొచ్చి గన్నవరంలో దిగి నెల దాటింది. మైల్స్ (విమాన ప్రయాణాలకి కంపెనీలిచ్చే పాయింట్లు) ఖాతాలో మాత్రం సున్నా. టికెట్టూ బోర్డింగ్ పాసులూ ముందేసుకుని కూర్చుంటే ఒక్కో కారణం బయటపడింది.

సమస్య: ఏమీ పడలేదు

మన తెలుగువాళ్లు ముందు పేరు చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. మైల్స్ ప్రోగ్రాంలో మెంబర్‌షిప్ తీసుకునేటప్పుడు ఇనిషియల్ రాసేస్తాం. అమ్మ ఖాతాలో జరిగింది అదే: అక్కడ ఒక్క అక్షరం, టికెట్ మీద మొత్తం ఇంటిపేరు. రెండూ ఒకరివేనని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు కాపీ పంపి పేరు మార్పించాం, తర్వాత పడని మైల్స్ కోసం క్లెయిమ్ పెట్టాం.

సమస్య: పడ్డాయి, కానీ బాగా తక్కువ

విమానం నంబరు దగ్గర చిన్న అక్షరాల్లో ‘ఆపరేటెడ్ బై’ అని ఉంటుంది, చూడండి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నంబరుతో అమ్మిన సీటు లుఫ్తాన్సా విమానంలో ఉండొచ్చు. అదే కోడ్‌షేర్. టికెట్ ఎవరిచ్చారో 13 అంకెల టికెట్ నంబరులో మొదటి మూడు అంకెలు చెప్పేస్తాయి: 016 యునైటెడ్, 220 లుఫ్తాన్సా, 098 ఎయిరిండియా. యునైటెడ్ ప్రోగ్రాంలో 016 టికెట్‌కి మైల్స్ ఛార్జీని బట్టి లెక్కేస్తారు. లుఫ్తాన్సా లాంటి భాగస్వామి ఇచ్చిన టికెట్ అయితే దూరాన్ని, బుకింగ్ క్లాస్ అక్షరాన్ని (టికెట్ ఏ రకం ధరదో చెప్పే అక్షరం) బట్టి లెక్క. ఎకానమీ అంతా ఒకటే కాదండీ. ‘వై’ అంటే పూర్తి ధర టికెట్. బాగా చౌక క్లాసులకి దూరంలో కొంత శాతమే ఇస్తారు, కొన్నిటికి అసలేమీ ఉండదు.

ప్రయాణం అయ్యాక దీనికి చేయగలిగింది లేదు. అందుకే డబ్బు కట్టకముందే బెంజ్ సర్కిల్‌లో మీ ఏజెంటుని “ఏ క్లాసండీ? టికెట్ ఎవరు ఇష్యూ చేస్తారండీ?” అని అడగండి. ఆ అక్షరం పట్టుకుని మీ ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ మైల్స్ పట్టిక చూసుకోండి. పది నిమిషాల పని.

సమస్య: గన్నవరం నుంచి వెళ్లిన మొదటి విమానానికి పడలేదు

యునైటెడ్, లుఫ్తాన్సా ఉన్న విమాన కంపెనీల కూటమి పేరు స్టార్ అలయన్స్. ఎయిరిండియా 2014 నుంచి అందులో ఉంది. ఇండిగో అందులో లేదు. స్టార్ అలయన్స్ కంపెనీ నంబరు వేసి అమ్మినా, నడిపేది ఇండిగో లాంటి బయటి కంపెనీ అయితే మిగతా సభ్యుల ఖాతాల్లో సాధారణంగా మైల్స్ రావు.

క్లెయిమ్ పెట్టాలంటే

టికెట్ నంబరు, బోర్డింగ్ పాసు కావాలి. చాలా ప్రోగ్రాముల్లో గడువు 6 నెలలు. బోర్డింగ్ పాసు థర్మల్ కాగితమైతే మన ఎండలకి అక్షరాలు వెలిసిపోతాయి. అమ్మ పర్సులో ఉన్నదాని మీద సీటు నంబరు ఒక్కటే మిగిలింది. విమానం ఎక్కేముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.