సార్కాయిడోసిస్‌లో కాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతింటుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: సార్కాయిడోసిస్ (ఒంట్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో, వాపు కణాల చిన్న ముద్దలు ఏర్పడే వ్యాధి) ఉన్న మనిషికి రక్తంలో కాల్షియం పెరిగితే, ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరదు, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తుంది, నీరసం, మలబద్ధకం తోడవుతాయి. అనంతపురం ఎండల్లో దీన్ని వడదెబ్బ అనుకోవడం సహజమే. కానీ వడదెబ్బలో మూత్రం తగ్గుతుంది. ఇక్కడ దప్పికతో పాటు మూత్రమూ పెరుగుతుంది. నడుము పక్కన నొప్పి వచ్చి రాయి బయటపడితే, నెపం బోరు నీళ్ల మీద వేసి ఉలవకట్టు తాగి ఊరుకునేవారే ఎక్కువ.

కారణం: ఈ వ్యాధిలో ఏర్పడే ఆ ముద్దల్లోని, అంటే గ్రాన్యులోమాల్లోని కణాలు, మామూలుగా కిడ్నీ చేయవలసిన పనిని తామే చేపట్టి, విటమిన్ డిని చురుకైన కాల్సిట్రయాల్‌గా మారుస్తాయి. కిడ్నీలో ఆ పనికి పారాథైరాయిడ్ హార్మోన్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్) అదుపు ఉంటుంది, గ్రాన్యులోమాలకు అది పట్టదు. అందువల్ల పేగు అవసరానికి మించి కాల్షియం పీల్చుకుంటుంది, ఎముక నుంచీ కొంత కరిగి వస్తుంది. ఎండ తగిలేకొద్దీ చర్మంలో ముడిసరుకు పెరుగుతుంది కనుక వేసవిలో ముదురుతుంది.

నా దృష్టిలో అసలు ప్రమాదం ల్యాబ్ రిపోర్టులో ఉంది. సాధారణ విటమిన్ డి పరీక్ష చురుకైన రూపాన్ని కొలవదు. అందులో అంకె తక్కువగా కనబడగానే వారానికొక 60,000 యూనిట్ల ప్యాకెట్ పాలలో కలిపి తాగమంటారు, అది మంటలో నూనె పోసినట్టే. కాబట్టి ముందు కాల్షియం, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), పారాథైరాయిడ్ హార్మోన్, రెండు రకాల విటమిన్ డి (సాధారణ పరీక్షలో కొలిచేది, చురుకైనది), 24 గంటల మూత్రంలో కాల్షియం చూపించుకోవాలి. ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కంటే తగ్గిన ప్రతి గ్రాముకూ కాల్షియానికి 0.8 మిల్లీగ్రాములు కలిపి లెక్కించాలి. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉంటే దోషం ఆ గ్రంథిది కావచ్చు. క్షయ కూడా ఇదే దారిలో కాల్షియం పెంచగలదు కనుక, స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు దాన్ని తేల్చుకోవాలి.

పరిష్కారం: విటమిన్ డి, కాల్షియం బిళ్లలు డాక్టరుకు చెప్పి ఆపించుకోవాలి, స్టెరాయిడ్‌తో పాటు ఎముకల కోసమని అలవాటుగా రాసే బిళ్లలూ ఇందులోకే వస్తాయి. థయజైడ్ రకం బీపీ మాత్రలు కాల్షియాన్ని పెంచుతాయి. కాల్షియం దిగేదాకా రాగిసంగటి, పాలు తగ్గించాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగరాదు. గుండె, కిడ్నీ అనుమతించినంత నీళ్లు తాగాలి. కాల్షియం డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు దాటినా, మనిషి మగతగా ఉన్నా ఆసుపత్రిలో సెలైన్ తప్పదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే సాధారణంగా కొద్ది రోజుల్లోనే కాల్షియం దిగుతుంది. దిగింది కదా అని సొంతంగా మానేయకూడదు.

కాల్షియం దిగినా క్రియాటినిన్ దిగకపోతే, గ్రాన్యులోమాలు కిడ్నీ కణజాలంలోనే చేరి వాపు తెచ్చి ఉండవచ్చు. అప్పుడు నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి తేలుస్తారు, స్టెరాయిడ్ నెలల తరబడి వాడవలసి వస్తుంది.