పోర్ట్రెయిట్ ఆర్డర్ ఒప్పుకున్నాక: పాత ఫోటో నుంచి ఆయిల్ బొమ్మ దాకా

మన దగ్గర వచ్చే పోర్ట్రెయిట్ ఆర్డర్లలో చాలావరకు పోయినవాళ్లవే. కొడుకో మనవరాలో వాట్సాప్‌లో ఒక ఫోటో పంపి "మా నాన్నగారు, ఆయిల్‌లో వేస్తారా?" అని అడుగుతారు. అది చూస్తే ఏ పెళ్లి గ్రూప్ ఫోటోలోంచో కత్తిరించింది అయ్యుంటుంది. వెంటనే సరే అనకండి. అసలు ప్రింట్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫోటోగా పంపితే సైజు తగ్గిపోయి కళ్ల చుట్టూ ఉండే వివరం మొత్తం పోతుంది.

ఒక్క ఫోటో ఎప్పుడూ చాలదు. పాత స్టూడియోల్లో టచప్ చేసి ముడతలు తీసేసేవాళ్లు, కనుబొమలు దిద్దేవాళ్లు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే బొమ్మ నున్నగా వస్తుంది కానీ మనిషి రాడు. పక్కనుంచి తీసింది ఒక్కటి దొరికినా ముక్కు ఎత్తు, గవద ఆకారం తెలుస్తాయి. ఫోటో తిరగబడిందేమో కూడా చూసుకోండి: చొక్కా జేబు కుడివైపుంటే అనుమానించాల్సిందే. పమిట కుడి భుజం మీదుంటే మాత్రం ఇంట్లోవాళ్లని అడగండి, కుడి పైట వేసుకునే ఇళ్లూ ఉన్నాయి. మనిషి మన ముందే ఉంటే ఫోటో మీరే తీసుకోండి. ట్యూబ్‌లైట్ ఆపేసి కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదైపోయి చెవులు వెనక్కి పోతాయి.

తర్వాత కుటుంబంతో కూర్చుని మాట్లాడండి, ఇది మాత్రం మానొద్దు. ఛాయ ఎలా ఉండేది, బొట్టు ఎంత పెట్టుకునేవారు, ముక్కుపుడక ఎటువైపు, కళ్లద్దాలు ఎప్పుడూ ఉండేవా. "నవ్వితే ఎడమ పక్క పెదవి కాస్త పైకి లేచేది" లాంటి మాట ఒక్కటి దొరికితే చాలు, ఏ ఫోటోలోనూ దొరకని పోలిక అక్కడ దొరుకుతుంది. సైజు, ధర, ఎన్ని మార్పులు చేస్తారు, ఎప్పటికి ఇస్తారు అన్నవి ఆ రోజే రాసుకుని సగం అడ్వాన్స్ తీసుకోండి. సంవత్సరీకానికి కావాలంటే ఆయిల్ ఆరే టైం కూడా లెక్కేసి మాటివ్వండి.

18×24 అంగుళాల కాన్వాస్ అనుకుందాం. తల అసలు సైజు కన్నా కొంచెం చిన్నగా, ఏడెనిమిది అంగుళాల్లో వేయండి. అంతకన్నా పెద్దదైతే గదిలో మీద పడుతున్నట్టుంటుంది. బొగ్గుతో గీసుకుని, అద్దంలో తిప్పి చూసి తప్పులు సరిచేసుకుని, టర్పెంటైన్‌తో పల్చన చేసిన బర్న్ట్ అంబర్ ఒక్క రంగుతో వెలుగునీడలు మొత్తం వేసేయండి, వెలుగు పడేచోట గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది. పోలిక ఇక్కడే రావాలి. ఇక్కడ రానిది రంగులేస్తే వస్తుందనుకోవద్దు.

ఈ దశలోనే కుటుంబానికి చూపించండి. 1954లో అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ 80వ పుట్టినరోజుకి అక్కడి పార్లమెంటు చిత్రకారుడు గ్రాహం సదర్లాండ్‌తో ఆయన బొమ్మ వేయించింది. చర్చిల్‌కి అది నచ్చనే లేదు, తర్వాత ఆ ఇంటివాళ్లే దాన్ని నాశనం చేయించారు. అంత పేరున్న చిత్రకారుడికే తప్పలేదు కాబట్టి అంతా అయ్యాక చూపిద్దాం అనుకోకండి.

మన ఒంటి రంగుకి ఎల్లో ఆకర్, బర్న్ట్ సియన్నా, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామరీన్, టైటానియం వైట్ సరిపోతాయి. నుదురు కాస్త పసుపు, బుగ్గలు ముక్కు ఎరుపు, మగవాళ్ల గడ్డం దగ్గర కొంచెం నీలం. "కొంచెం తెల్లగా వేయండి" అని అడుగుతారు. వేయకండి. తెలుపు కలిపేకొద్దీ ముఖం సున్నం కొట్టినట్టవుతుంది, పైగా అది వాళ్ల నాన్న ముఖం కాకుండా పోతుంది. వెనక రంగు ముదురుగా పెట్టి ముఖం మీద వెలుగు పెంచితే వాళ్లు కోరుకున్న కళ దానంతటదే వస్తుంది. పై పూతలకి వెళ్లేకొద్దీ టర్పెంటైన్ తగ్గించి లిన్సీడ్ ఆయిల్ పెంచండి, ఈ వరస తిరగేస్తే కొన్నాళ్లకి పగుళ్లొస్తాయి.

ఎక్కువ టైం నోటికి ఇవ్వండి. పెదాల మధ్య గీతని ఒకే నలుపుతో లాగేస్తే ముఖం బిగుసుకుపోతుంది. మధ్యలో ముదురుగా, అక్కడక్కడా తేలిపోయేలా, చివర్లు మెత్తగా కలిసిపోయేలా వేయాలి. కంటి తెల్లగుడ్డు కూడా తెలుపు కాదు, బూడిద రంగే, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది.

రంగుని కాపాడే ఆఖరి వార్నిష్ పూత ఆరు నెలలాగి వేయాలి, ఆ మాట బొమ్మ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇంకోటి: మన ఇళ్లల్లో ఫోటో అద్దం మీద గంధం, కుంకుమ పెట్టడం అలవాటు. ఆయిల్ బొమ్మకి మామూలుగా అద్దం ఉండదు, నేరుగా రంగు మీదే అంటుతాయి. బొట్లు ఫ్రేమ్ మీద పెట్టుకోమనండి, పూలదండ తడి కాన్వాస్‌కి తగలకుండా ఫ్రేమ్ మేకు నుంచి బయటికి వేలాడేలా వేయమనండి, అగరొత్తులు దూరంగా వెలిగించమనండి.