బిమ్ సొంతంగా నేర్చుకుందాం – 5వ పాఠం: బీమ్‌లో పైపుకి దారి

పోయిన పాఠంలో మన అయిదంతస్తుల చెన్నై అపార్ట్‌మెంటుకి గ్రిడ్లు, లెవెల్స్, పిల్లర్లు, బీములు, స్లాబులు మోడల్‌లో పెట్టాం. స్క్రీన్ మీద తిప్పి చూస్తే బిల్డింగ్ అయిపోయినట్టే కనిపిస్తుంది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ (బిమ్)లో అసలు పని మాత్రం ఈ పాఠంతోనే మొదలవుతుంది. ప్లంబింగ్ వాళ్ళ మోడల్‌ని మన మోడల్ మీద పెట్టి, ఒక్క బీమ్‌ని, ఒక్క పైపుని పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఒక్కటి పూర్తిగా చేయడం వస్తే మిగతావి మీరే చేసుకోగలరు.

ముందు ఈ పాఠం ఎందుకో చెప్తాను. నా మొదటి సైటు చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, నావలూర్ దాటాక ఉండేది. స్లాబులన్నీ వేసేశాక ప్లంబర్ వచ్చి, టాయిలెట్ పైపుకి బీమ్‌లో దారి కావాలన్నాడు. కోర్ కటింగ్ మెషిన్ తెప్పించారు. నీళ్ళతో కలిసి బూడిదరంగు బురద కారుతోంది. ఉన్నట్టుండి బిట్ చప్పుడు మారి, కీచుమంది. ఆపండని చెప్పే హోదా నాకప్పుడు లేదు. చివరికి గుండ్రటి కాంక్రీట్ ముక్క బయటికొచ్చింది. దాని ఒంటి మీద శనగగింజంత చుక్కలు ఎనిమిది మెరుస్తున్నాయి. అంటే మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే రింగులు రెండు, వాటి నాలుగు కాళ్ళు తెగిపోయాయి, ఒక్కో కాలికి రెండు చుక్కలు. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి కింద సపోర్టులు పెట్టించి, కార్బన్ ఫైబర్ షీట్లు అతికించి ఆ బీమ్‌ని నిలబెట్టారు. ఆ పైపు ఎటు వెళ్తుందో డ్రాయింగులో ఆర్నెల్ల ముందే ఉంది. ఆ సంగతి బీమ్ డిజైన్ చేసినవాళ్ళకి చేరలేదు, అంతే.

ఇక పనిలోకి వద్దాం. ప్లంబింగ్ మోడల్‌ని ఐఎఫ్‌సీ ఫైలుగా అడగండి. ఐఎఫ్‌సీ అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా అందరూ తెరవగలిగే ఉమ్మడి ఫార్మాట్. 2013 నుంచి ఇది ఐఎస్ఓ 16739 ప్రమాణం. మీరు రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో, వాళ్ళు ఇంకొకదానిలో చేసినా ఇబ్బంది లేదు. లైసెన్స్ కొనలేని వాళ్ళకి బ్లెండర్ మీద నడిచే బొన్సాయ్ ఉచితంగా దొరుకుతుంది, క్లాష్ చెక్ (ఒకదానిలో ఒకటి దూరిపోయిన వస్తువుల్ని వెతకడం) కూడా అందులో చేయొచ్చు.

ఫైల్ లింక్ చేయగానే క్లాష్ టెస్ట్ నొక్కకండి. కొత్తవాళ్ళందరూ తొందరపడేది ఇక్కడే. ముందు ఏ-1 గ్రిడ్ కలిసే చోటు రెండు మోడళ్ళలోనూ ఒకే బిందువు మీద ఉందో లేదో చూడండి. తర్వాత లెవెల్స్ చూడండి. ఆర్కిటెక్ట్, ప్లంబింగ్ వాళ్ళు టైల్స్ వేశాక వచ్చే ఫ్లోర్ లెవెల్ నుంచి కొలుస్తారు, మనం కాంక్రీట్ స్లాబ్ పైభాగం నుంచి కొలుస్తాం. మన బిల్డింగులో ఆ తేడా 75 మి.మీ. ఇది సరిచేయకుండా టెస్ట్ చేస్తే లేని క్లాషులు వందల్లో కనిపిస్తాయి, ఉన్నవి దాక్కుంటాయి.

లెవెల్స్ కుదిరాక టెస్ట్ నడపండి. వచ్చిన లిస్టుని చూసి టెన్షన్ పడొద్దు. ఒకే పైపు అయిదంతస్తుల్లో అయిదు బీముల్ని తాకితే అది అయిదు సమస్యలు కాదు, ఒక్కటే. పైపు లైన్ల వారీగా గుంపు చేసుకోండి.

మనం పట్టుకునేది రెండో అంతస్తులో టాయిలెట్ నుంచి షాఫ్ట్‌కి (పైపులు నిలువుగా దిగే సందుకి) వెళ్ళే 110 మి.మీ. పైపు. ఇక్కడ సంకెన్ స్లాబ్ (పైపుల కోసం కిందికి దించి వేసే స్లాబ్) లేదు, పైపు స్లాబ్ అడుగున వేలాడుతుంది. స్లాబ్ పైభాగాన్ని సున్నా అనుకుంటే, ట్రాప్ (వాసన రాకుండా నీళ్ళు నిలిచే వంపు) దగ్గర పైపు మధ్య 300 మి.మీ. కింద ఉంది. వాలు 60కి 1. బీమ్ 2.4 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి అక్కడికి చేరేసరికి 40 మి.మీ. దిగి, పైపు మధ్య 340కి వస్తుంది. పైపు దూరడానికి 160 మి.మీ. స్లీవ్, అంటే కాంక్రీట్ వేసే ముందే బీమ్‌లో పెట్టే గొట్టం, కావాలి. బీమ్ 230 వెడల్పు, 600 లోతు. స్లీవ్ 260 నుంచి 420 దాకా ఉంటుంది, కింద ఇంకా 180 మిగులుతుంది. ఎత్తు పరంగా చూస్తే బాగానే ఉంది. చాలామంది ఇక్కడే ఓకే కొట్టేస్తారు.

పొడవు వైపు చూడండి. పైపు బీమ్‌ని తాకేది పిల్లర్ మొహం నుంచి 700 మి.మీ. దూరంలో. ఇక్కడ చెన్నై సంగతి గుర్తుంచుకోవాలి. పాత భూకంప మ్యాపులో చెన్నై జోన్ 2లో ఉండేది, భూకంప కోడ్ ఐఎస్ 1893కి 2002లో వచ్చిన సవరణతో జోన్ 3లోకి వచ్చింది. జోన్ 3 అంటే భూకంప బలాన్ని మోసే ఫ్రేములకి ఐఎస్ 13920:2016 ప్రకారం డీటెయిలింగ్ చేయాల్సిందే. పిల్లర్ మొహం నుంచి బీమ్ ఎఫెక్టివ్ లోతుకి (బీమ్ పైభాగం నుంచి కింది మెయిన్ రాడ్ మధ్య దాకా ఉన్న లోతుకి) రెండింతల పొడవు వరకు రింగులు దగ్గరగా కట్టాలని ఆ కోడ్ చెప్తుంది.

మన బీమ్‌కి లెక్కేద్దాం. ఉప్పుగాలి నేరుగా తగలకుండా కాపాడిన కోస్తా ప్రాంతపు కాంక్రీట్‌ని కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 మోడరేట్ కింద లెక్కిస్తుంది, కవర్ (రాడ్ల బయట ఉండాల్సిన కాంక్రీట్ మందం) 30 మి.మీ. రింగు 8, మెయిన్ రాడ్ 16. 600లోంచి 30, 8, రాడ్‌లో సగం 8 తీసేస్తే ఎఫెక్టివ్ లోతు 554. దానికి రెండింతలు 1108. ఈ 1108 లోపల రింగుల దూరం మూడింటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు: ఎఫెక్టివ్ లోతులో నాలుగోవంతు, అంటే 138, అన్నిటికంటే సన్నటి మెయిన్ రాడ్ మందానికి ఆరింతలు, అంటే 96, లేదా 100. కాబట్టి 96 మించకూడదు, సైట్లో కొలవడానికి వీలుగా 90 పెట్టాం. రెండు రింగుల మధ్య ఖాళీ 82. అందులో 160 స్లీవ్ ఎలా దూరుతుంది? రింగులు కోస్తే తప్ప దూరదు. నావలూర్‌లో జరిగింది అదే.

అందుకే స్లీవ్‌ని 1108 దాటించాలి. రౌండ్ ఫిగర్ కదా అని 1500 అనుకుంటారు. ఒక్క నిమిషం ఆగి, రింగుల్ని కూడా మోడల్‌లో పెట్టి చూడండి. మొదటి రింగు మొహం నుంచి 50లో, తర్వాత 90 చొప్పున వెళ్తే చివరి దగ్గరి రింగు 1130లో వస్తుంది. అక్కణ్ణుంచి డిజైనర్ 200 దూరం ఇచ్చారు. అంటే 1330, 1530, 1730. మీ 1500 స్లీవ్‌కి 1530 రింగు అడ్డం! సరిగ్గా మధ్యలో 1430 పెడితే పడుతుంది కానీ, అటూ ఇటూ 16 మి.మీ. ఖాళీయే ఉంటుంది. మన కంకర 20 మి.మీ. సైజు. అక్కడ కాంక్రీట్ సరిగా దిగక తేనెతుట్టెలా గుల్లలు పడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు డిజైనర్‌తో మాట్లాడాలి. ఈ భాగంలో కోడ్ పరిమితి ఎఫెక్టివ్ లోతులో సగం, అంటే 277. ఆయన స్లీవ్ వచ్చే చోట షియర్ (బీమ్‌ని అడ్డంగా కోసే బలం) లెక్క మళ్ళీ చూసి, ఒక్క చోట 240కి ఒప్పుకున్నారు. రింగులు 1330, 1570. స్లీవ్ మధ్య 1450. అటూ ఇటూ 36 మి.మీ. దొరికింది. స్లీవ్‌కి రెండు పక్కలా జత రింగులు, పైనా కిందా పొట్టి రాడ్లు ఇచ్చారు. ఈ నిర్ణయం మోడలర్ తీసుకునేది కాదు. ఈటాబ్స్‌లో (బిల్డింగ్ మీద పడే బలాల్ని లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో) మనం చేసిన అనాలిసిస్ మోడల్‌లో బీమ్ అంటే ఒక గీత, అందులో బొక్క ఉందని దానికి తెలియదు. మీరు చెప్తేనే డిజైనర్‌కి తెలుస్తుంది.

స్లీవ్ పక్కకి జరిగితే పైపు దారి మారుతుంది. రెండు 45 డిగ్రీల బెండ్లతో బీమ్ దాకా పొడవు 2.7 మీటర్లు అవుతుంది, దిగుడు 45 మి.మీ. అవుతుంది. అంటే స్లీవ్ ఇంకో 5 మి.మీ. కిందికి, 345కి దిగాలి. అయిదే కదా అని వదిలేయకండి. పైపుని మీ మోడల్‌లో మీరే జరపకండి కూడా. పైపు వాళ్ళది, బీమ్ మనది. ఐఎఫ్‌సీలో ఖాళీ కావాలని అడగడానికి విడిగా ఒక రకం వస్తువే ఉంది. ప్లంబింగ్ వాళ్ళు దాన్ని పెట్టి పంపుతారు, మనం ఒప్పుకున్నాకే అది బీమ్‌లో నిజమైన రంధ్రం అవుతుంది. మధ్యలో జరిగే మాటలన్నీ బీసీఎఫ్ ఫైల్‌లో (మోడల్ మీద వ్యాఖ్యలు పంపుకునే ఉమ్మడి ఫార్మాట్‌లో) వెళ్ళాలి. ఏ బీమ్, ఏ కోణంలోంచి చూడాలి, ఎవరు ఏమన్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఫోన్లో చెప్పుకున్న మాటకి సైట్లో విలువ లేదు.

డ్రాయింగ్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. నేను మొదట్లో స్లీవ్ కొలతని గ్రిడ్ నుంచి ఇచ్చేవాణ్ణి, మోడల్‌లో అదే సులువు కాబట్టి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీ గారు ఒకాయన సెంట్రింగ్ మీద టేపు పట్టుకుని నిలబడి, "గ్రిడ్ లైన్ నాకెక్కడ కనబడుతుంది బాబూ? పిల్లర్ మొహం నుంచి చెప్పండి, ఇప్పుడే మార్క్ చేసేస్తాను" అన్నారు. అప్పట్నుంచి కొలత ఎప్పుడూ పిల్లర్ మొహం నుంచే, ఎత్తు సెంట్రింగ్ అడుగు పలక నుంచే. మన స్లీవ్‌కి అది 600లోంచి 345 తీసేస్తే 255. కాగితం మీద ఈ రెండే అంకెలు పెద్దగా ఉండాలి: 1450, 255.

స్లాబ్ వేసే ముందురోజు ఆ డ్రాయింగుతో పైకి వెళ్ళండి. స్లీవ్ రెండు చివర్లూ మూసి ఉన్నాయా, కట్టుతీగతో గట్టిగా కట్టారా, వైబ్రేటర్ తగిలితే కదులుతుందా, చేత్తో ఊపి చూడండి. సెంట్రింగ్ విప్పాక మళ్ళీ కొలవండి. 1450 బదులు 1462 వస్తే ఆ 1462నే మోడల్‌లో రాయండి. రేపు ఆ ఇంట్లో ఎవరైనా కొత్త పైపు వేసుకోవాలంటే పనికొచ్చేది ఆ అంకే.

ఈ వారం అభ్యాసం: బీమ్ 230 వెడల్పు, 450 లోతు, మెయిన్ రాడ్లు 12, రింగులు 8, కవర్ 30. అదే 160 స్లీవ్. దగ్గరి రింగుల పొడవెంత, ఆ పొడవులో వాటి దూరమెంత, స్లీవ్‌ని పిల్లర్ మొహం నుంచి ఎక్కడ పెడతారు? ఎత్తు వైపు కూడా చూడండి, ఈసారి అక్కడా చిక్కుంది. ఆరో పాఠాన్ని మీ జవాబుతోనే మొదలుపెట్టి, పిల్లర్, బీమ్ కలిసే చోట రాడ్లు ఎలా ఇరుక్కుంటాయో చూద్దాం.