విభూది బుధవారం: మట్టలు కాల్చడం నుంచి నుదుటి సిలువ దాకా

ఈస్టరుకు 46 రోజుల ముందు వచ్చే బుధవారం కతోలిక గుడుల్లో నుదుట బూడిదతో సిలువ వేస్తారు. ఈస్టరుకు ముందు పాటించే నలభై రోజుల ఉపవాసకాలం ఆ రోజుతోనే మొదలవుతుంది. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు ఉపవాసపు లెక్కలోకి రావు, అవి పోగా మిగిలేవి నలభై రోజులు. 2027లో ఇది ఫిబ్రవరి 10న వస్తుంది. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో కొన్ని చోట్ల భస్మ బుధవారం అన్న పేరుతో ఆరాధన జరుగుతుంది. బాప్తిస్టు, పెంతెకోస్తు సంఘాలు మామూలుగా పాటించవు.

ఆ బూడిద ఎక్కడిదన్నది ముఖ్యం. నిరుడు మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాడు "హోసన్నా" అంటూ ఊపిన ఆకులనే కాల్చి ఈ బూడిద చేస్తారు. యేసును రాజుగా ఆహ్వానించిన జనమే ఆ వారంలోనే సిలువకు అప్పగించిన సంగతి ఇందులో ఉంది. అందుకే సాంబ్రాణి కుంపట్లో మిగిలిన బూడిదో, కొన్న బొగ్గుపొడో వాడితే గుర్తు నల్లగానే పడుతుంది గానీ దాని వెనకున్న కథ తెగిపోతుంది.

రెండు వారాల ముందే గుడిలో ప్రకటన చేసి, ఇళ్లలో సిలువ వెనకా పటాల వెనకా దోపిన పాత మట్టలు తెప్పించండి. మన దగ్గర అవి ఎక్కువగా ఈతాకులో కొబ్బరాకులో అయి ఉంటాయి, ఏవైనా ఫరవాలేదు. రిబ్బన్లు, తళుకు కాగితాలు, ప్లాస్టిక్ పూలు ఉంటే ముందే విప్పేయాలి. ప్లాస్టిక్ కరిగితే పొడి జిగురుగా తయారవుతుంది, ఇక జల్లెడలో దిగదు. వానాకాలంలో బూజు పట్టినవి పక్కన పెట్టి, మిగతావి రెండు రోజులు ఎండలో వేసి, వేలెడు ముక్కలుగా కత్తిరించండి.

ఎక్కువగా చెడేది కాల్చే దగ్గరే. పూర్తిగా కాలనిస్తే తెల్లటి బూడిద మిగులుతుంది. అది నుదుట నల్లగా పడదు, చర్మాన్ని మంటపెట్టే క్షారం కూడా అందులోనే ఎక్కువ. మనకు కావలసింది నల్లటి మసి. పాత ఇనుప బాండీలో, ఆరుబయట, గాలి లేని చోట, గుప్పెడు గుప్పెడుగా వేసి అంటించండి. మంట తగ్గి ముక్కలు నల్లబడగానే బిగుతైన మూత పెట్టేయండి. గాలి అందక నిప్పు ఆరిపోతుంది, బొగ్గు బొగ్గుగానే నిలుస్తుంది. అరగంట ఆగి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే మళ్లీ రాజుకుంటుంది.

తర్వాత రోట్లో మెత్తగా నూరి, టీ వడగట్టుతో ఒకసారి, పల్చటి నూలుగుడ్డతో మరోసారి జల్లించాలి. గరుకు పలుకులు మిగిలితే నుదురు గీసుకుంటుంది. వంద మందికి రెండు టేబుల్ స్పూన్ల పొడి ధారాళంగా సరిపోతుంది.

నీళ్లు పోసి ముద్దగా కలపొద్దు. బూడిదలోని పొటాషియం లవణాలు నీటిలో కరిగి గాఢమైన క్షారమవుతాయి. కొందరికి, ముఖ్యంగా పసిపిల్లలకి, నుదురు ఎర్రబడి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. గురువు (ఫాదర్) ఆశీర్వదించేటప్పుడు చిలకరించే పవిత్ర జలం నాలుగు చుక్కలే, దాంతో ఇబ్బంది లేదు. పొడి రాలుతోందనుకుంటే రెండు స్పూన్లకు నాలుగైదు చుక్కల ఆలివ్ నూనె కలపండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఫిబ్రవరి తెల్లవారుజాము పూజకు అది పనికిరాదు.

ప్రసంగం తర్వాత గురువు బూడిదను ఆశీర్వదిస్తారు. జనం ఎక్కువుంటే పెట్టడానికి ఇతరులూ సాయపడవచ్చు. బొటనవేలి కొనను పొడిలో అద్ది, పళ్లెం అంచుకు ఒకసారి తట్టి, ఎదుటివారిని కళ్లు మూసుకోమని, ముందు నిలువు గీత, తర్వాత అడ్డగీత వేయాలి. రెండు మూడు సెంటీమీటర్లు చాలు. తట్టకుండా పెడితే కనురెప్పల మీద రాలుతుంది. కంట్లో పడితే నలపనివ్వకుండా మంచినీళ్లతో బాగా కడిగించండి. గీసేటప్పుడు చెప్పే మాటలు రెండు రకాలు: "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న ఆదికాండము 3:19 భావం, లేదా మారుమనస్సు పొంది సువార్త నమ్మమనే మార్కు 1:15 పిలుపు. 2021లో కరోనా కారణంగా రోము (వాటికన్) ఆ మాటలు అందరికీ కలిపి ఒకేసారి చెప్పి, బూడిదను నడినెత్తిన మౌనంగా చల్లమంది. ఇటలీలో అలా నెత్తిన చల్లడం మామూలుగానే ఉన్న పద్ధతి.

ఒక్క గుర్తులో రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. బూడిద పశ్చాత్తాపానికి గుర్తు: యోనా మాట విని నీనెవె రాజు గోనె కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు, యోబు ధూళిలోనూ బూడిదలోనూ పడి పశ్చాత్తాపపడ్డాడు. సిలువ మాత్రం వేరే సంగతి. జ్ఞానస్నానంలో (బాప్తిస్మంలో) నుదుట వేసిన సిలువనే ఇప్పుడు బూడిదతో మళ్లీ గీస్తున్నారు. యెహెజ్కేలు 9:4లో మూలుగుతున్న వారి నొసళ్ల మీద వేయమన్న గుర్తు "తావ్" అక్షరం. పాత హీబ్రూ లిపిలో దాన్ని అడ్డంగా దాటుకునే రెండు గీతలుగా రాసేవారు, అందుకే సంఘం దానిలో సిలువను చూసింది. చావును గుర్తుచేసే పదార్థంతో, ఆశను చూపే ఆకారాన్ని గీస్తున్నారన్నమాట. శైవుల విభూతి రేఖలతో దీన్ని పోల్చి అడిగేవారుంటారు. పేరు దగ్గరిదే, అర్థం వేరు.

బూడిద, జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు. పసిపిల్లలూ, జ్ఞానస్నానం పొందనివారూ పెట్టించుకోవచ్చు. ఆ రోజు ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల వారికి: ఒక పూట భోజనం, మరో రెండు పూటలు కొద్దిగా. మాంసం మానడం 14 నిండినవారికి వర్తిస్తుంది.

రోజంతా చెరపకూడదా అంటే, అలాంటి నియమం లేదు. పైగా ఆ రోజు చదివే మత్తయి 6వ అధ్యాయమే ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కోమంటుంది. సెల్ఫీ కోసం ఉంచుకునేదానికంటే కడిగేసుకోవడమే ఆ వాక్యానికి దగ్గర. ఉంచుకుని ఆఫీసుకు వెళ్లి, అడిగినవారికి సమాధానం చెప్పేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు.

మిగిలిన పొడి ఆశీర్వదించినది కాబట్టి సింకులోనో చెత్తబుట్టలోనో వేయరు. గుడి ఆవరణలో జనం తొక్కని చోట, చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చండి. ఆశీర్వదించని పొడి మిగిలితే, నూనె కలపనిదైతే, గాజు సీసాలో తడి తగలకుండా మూతపెట్టి, వచ్చే ఏటికి దాచుకోవచ్చు.