కొత్త కంప్యూటర్‌లో డిస్‌ప్లే రావడం లేదా? మదర్‌బోర్డును మార్చే ముందు ఇలా చేయండి

విడిభాగాలు కొని సొంతంగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకునేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. కొన్నింటిలో ఒకసారి వస్తుంది, మరోసారి రాదు. వెంటనే బోర్డు పోయిందని తేల్చేస్తారు. దాన్ని తిరిగిచ్చి ఇంకోటి తెస్తే అదీ అలాగే మొరాయిస్తుంది. ఇక ప్రాసెసర్‌ను అనుమానిస్తారు, తర్వాత ర్యామ్‌ను. ఈ తిరుగుడులో రోజులు గడిచిపోతాయి, డబ్బు ఇరుక్కుపోతుంది. నేను చూసిన ఇలాంటి యంత్రాల్లో చాలావాటిలో ఏ భాగమూ పాడవలేదు. బోర్డులో ఉన్న బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని చిప్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాము) ఆ ప్రాసెసర్ విడుదల కాకముందు రాసినది. దానికి ఈ ప్రాసెసర్ గురించి ఏమీ తెలియదు.

ప్రాసెసర్ బోర్డు మీది సాకెట్‌లో చక్కగా కూర్చుంది కాబట్టి పనిచేసి తీరాలన్న నమ్మకాన్ని ముందుగా వదిలేయండి. ఇంటెల్ 2017లో తెచ్చిన 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లది ఎల్‌జీఏ1151 సాకెట్. అంతకుముందు 6, 7 తరాలదీ అదే. అయినా 8వ తరానికి 300 సిరీస్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే బోర్డు మీది చిప్) ఉన్న బోర్డే కావాలి. 100, 200 సిరీస్ బోర్డులు పనికిరావు. ఎల్‌జీఏ1200 బోర్డుల్లో హెచ్410, బి460 చిప్‌సెట్లకు 11వ తరం ప్రాసెసర్లను ఇంటెల్ అధికారికంగా అనుమతించలేదు. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఏళ్ల తరబడి మారలేదు. కానీ 2018 నాటి బి450 బోర్డులో 2020 నవంబరులో వచ్చిన రైజెన్ 5000 సిరీస్ నడవాలంటే కొత్త బయోస్ వేయాలి. ఇంటెల్ 12వ తరం కోసం వచ్చిన 600 సిరీస్ బోర్డులో 13, 14 తరాల ప్రాసెసర్ పెట్టినా, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5తో వచ్చిన తొలినాటి బి650 బోర్డులో 2024లో వచ్చిన రైజెన్ 9000 పెట్టినా ఇదే షరతు.

కావలసినవి

స్టార్ స్క్రూడ్రైవర్, 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్, థర్మల్ పేస్ట్ (కూలర్‌ను తీసి మళ్లీ బిగించేటప్పుడు ప్రాసెసర్ మీద రాయడానికి), బోర్డు మాన్యువల్, టార్చ్ ఉన్న ఫోను, యూపీఎస్. బయోస్ ఫైలు దింపుకోవడానికి పనిచేసే మరో కంప్యూటర్ ఉండాలి. యూపీఎస్ ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

1. బోర్డు పేరు పూర్తిగా చదవండి

‘బి450 బోర్డు’ అంటే సరిపోదు. ఒకే కంపెనీ ఒకే చిప్‌సెట్‌తో అనేక మోడళ్లు అమ్ముతుంది. పేరు చివర ఉండే ఒక్క అక్షరం తేడాతో బయోస్ ఫైలు మారిపోతుంది. పెట్టె మీద ఉన్నదాన్ని నమ్మకుండా బోర్డు మీదే చదవండి. టార్చ్ వేసి అంచుల వెంబడి చూస్తే ఒక మూల చిన్న తెల్లని అక్షరాల్లో ‘రెవ్ 1.0’, ‘రెవ్ 1.2’ వంటి రివిజన్ సంఖ్య కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు రివిజన్‌కో బయోస్ ఇస్తాయి. చాలా బోర్డుల్లో బయోస్ చిప్ మీద గానీ, 24 పిన్నుల పవర్ కనెక్టర్ దగ్గర గానీ చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏ వెర్షన్ వేసి పంపారో దాని మీద రాసి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు బోర్డు తయారీ సంస్థ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి, ఆ బోర్డు ఏ ప్రాసెసర్లకు పనికొస్తుందో చెప్పే జాబితా చూడండి. అందులో ప్రాసెసర్ పేరు ఉండటం ఒక్కటే చాలదు. పక్క గడిలో అది ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. స్టిక్కర్ మీది వెర్షన్ దానికంటే పాతదైతే మీ సమస్య అక్కడే దొరికినట్టు.

దుకాణదారు మాట మీద ఆధారపడొద్దు. భాగాల పేర్లు ఎంచుకుంటే సరిపోతాయో లేదో చెప్పే సైట్లను కూడా ఆఖరి మాటగా తీసుకోవద్దు. మీరు కొంటున్న పెట్టె షెల్ఫులో ఎంతకాలంగా ఉందో వాటికి తెలియదు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ధర బాగా తగ్గించిన బోర్డు పాత స్టాకు అయ్యే అవకాశం ఎక్కువ. డబ్బు కట్టకముందే పెట్టె తెరిపించి స్టిక్కర్ చూడండి.

2. అన్నీ విప్పి బయట పెట్టి చూడండి

బోర్డును క్యాబినెట్ నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. వెండి రంగు కవరు మీద వద్దు, ఆ కవరు పైపొర కొంతమేర విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల కేబుల్. ఇవే ఉంచండి. ర్యామ్ స్లాట్లు నాలుగు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో దానిలో పెట్టాలి.

క్యాబినెట్ బయట పనిచేసి లోపల పనిచేయకపోతే బోర్డు కింద ఉండకూడని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తి పట్టే చిన్న మర) ఉందేమో చూడండి. డిస్‌ప్లే కేబుల్ ఎక్కడ పెట్టారో కూడా గమనించండి. ఐ5-12400ఎఫ్ వంటి ‘ఎఫ్’ ప్రాసెసర్లలోనూ, రైజెన్ 5 5600లోనూ గ్రాఫిక్స్ ఉండవు. వీటికి గ్రాఫిక్స్ కార్డు పెట్టి, కేబుల్ దానికే తగిలించాలి. బోర్డుకు తగిలిస్తే ఎప్పటికీ డిస్‌ప్లే రాదు.

బోర్డు అంచున సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డ్రైవ్) అని నాలుగు చిన్న లైట్లు ఉంటే వాటిని చూడండి. సీపీయూ లైటు ఆరకుండా వెలుగుతుంటే మూడు ముఖ్యమైన అనుమానాలు: 8 పిన్నుల కేబుల్ సరిగా పడలేదు, సాకెట్‌లో పిన్ను వంగింది, లేదా బయోస్ పాతది. ఏఎం5 బోర్డులో డ్రామ్ లైటు వెలుగుతుంటే తొందరపడి ఆఫ్ చేయొద్దు. డీడీఆర్5 ర్యామ్‌ను తొలిసారి పెట్టినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అప్పటివరకు తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

3. బయోస్ మార్చడం

అసలు పని ఇదే. ఎక్కువమంది చెడగొట్టేదీ దీన్నే.

కొత్త బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే బయోస్ వేసే ఏర్పాటు ఉంటుంది. ఆసుస్ దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, ఎంఎస్ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది. బోర్డు కొనేటప్పుడు ఈ బటన్ ఉన్నదే కొనండి. రంగురంగుల లైట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టి ఈ బటన్ లేని బోర్డు తెచ్చుకోవడం దండగ. ప్రాసెసర్ ఇంకా పెట్టకపోతే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత అలాగే ఉంచి, ముందు బయోస్ మార్చి, తర్వాతే ప్రాసెసర్ పెట్టండి.

ఫైలు మీ మోడల్‌ది, మీ రివిజన్‌ది మాత్రమే దింపుకోండి. బీటా (ఇంకా పరీక్షలో ఉన్నది) అని రాసి ఉంటే తీసుకోవద్దు. వెర్షన్ పక్కన ఉన్న వివరణ చివరి వరకు చదవండి. కొన్ని బోర్డులకు మధ్యలో మరో వెర్షన్ వేశాకే చివరిది వేయాలి. కొన్ని వెర్షన్లు వేశాక వెనక్కి వెళ్లడం కుదరదు. కొన్ని పాత ప్రాసెసర్లకు మద్దతు తీసేస్తాయి. బి450 విషయంలో దీనికి కారణముంది. ఆ తరం బోర్డులు చాలావాటిలో బయోస్ చిప్ సామర్థ్యం 16 మెగాబైట్లే. తర్వాత రైజెన్ 5000గా వచ్చిన ప్రాసెసర్లను బి450, ఎక్స్470 బోర్డులకు ఇవ్వబోమని ఏఎండీ 2020 మేలో ప్రకటించినప్పుడు చెప్పిన కారణం కూడా ఈ చోటు చాలకపోవడమే. వినియోగదారులు గట్టిగా నిరసించాక అదే నెలలో నిర్ణయం మార్చుకుంది. కొత్తవాటికి చోటు కావాలంటే పాతవి కొన్ని పోవాల్సిందే. అందువల్ల పాత ప్రాసెసర్‌తో నడుస్తున్న బోర్డుకు బయోస్ మార్చే ముందు, ఆ ప్రాసెసర్ కొత్త వెర్షన్‌లోనూ ఉందో లేదో చూసుకోండి.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇతర ఫార్మాట్లలో ఉంటే చాలా బోర్డులు చదవవు. విండోస్ ఫార్మాట్ కిటికీలో 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్32 కనిపించదు కాబట్టే చిన్నది తెచ్చుకోమన్నాను. దింపుకున్నది జిప్ ఫైలు. దాన్ని విప్పి, లోపలి బయోస్ ఫైలును మాత్రమే కాపీ చేసి, మాన్యువల్ చెప్పిన పేరే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చుక్క తర్వాతి భాగాన్ని దాచిపెడుతుంది. మీరు పూర్తి పేరు టైపు చేస్తే ఆ భాగం రెండుసార్లు చేరుతుంది. పైకి పేరు సరిగ్గానే కనిపిస్తుంది, బోర్డు మాత్రం గుర్తించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూపించే ఐచ్ఛికాన్ని ఆన్ చేసుకున్నాకే పేరు మార్చండి.

పెన్‌డ్రైవ్‌ను బోర్డు వెనుక భాగంలో దానికని గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. పక్కదానిలో పెడితే ఏమీ జరగదు. 24 పిన్నుల కేబుల్, 8 పిన్నుల కేబుల్ రెండూ తగిలించి, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) స్విచ్ వేయండి. కంప్యూటర్‌ను ఆన్ చేయకూడదు. మాన్యువల్ చెప్పినంతసేపు ఆ చిన్న బటన్ నొక్కితే పక్కన లైటు మిణుకుమిణుకుమంటుంది. కొన్ని క్షణాల్లోనే మిణుకు ఆగి స్థిరంగా వెలిగితే చాలా బోర్డుల్లో ఫైలు దొరకలేదని అర్థం. పేరు, ఫార్మాట్, పోర్టు మళ్లీ చూసుకోండి.

లైటు మిణుకుతున్నంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి. పెన్‌డ్రైవ్ ముట్టుకోవద్దు, స్విచ్ ముట్టుకోవద్దు. ఐదు నుంచి పది నిమిషాలు పట్టడం మామూలే. ఈలోపు కరెంటు పోతే బయోస్ సగంలో ఆగిపోతుంది. బటన్ ఉన్న బోర్డుల్లో మళ్లీ ప్రయత్నించే వీలు చాలావరకు ఉంటుంది. బటన్ లేని బోర్డయితే సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాల్సి రావచ్చు. మన దగ్గర వేసవి సాయంత్రాల గాలివానల్లో కరెంటు ఎలా పోతుందో తెలిసిన వాళ్లు యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకూడదు.

విండోస్‌లో నడిచే కంపెనీ ప్రోగ్రాముతో బయోస్ మార్చే పద్ధతి వద్దే వద్దు. సులువుగా కనిపిస్తుంది నిజమే. కానీ అప్పుడు వెనక యాంటీవైరస్, అప్‌డేట్లు, ఇంకా ఎన్నో నడుస్తుంటాయి. వాటిలో ఒకటి మధ్యలో యంత్రాన్ని స్తంభింపజేస్తే బోర్డు బలి అవుతుంది. ఇప్పటికే నడుస్తున్న కంప్యూటరైనా బయోస్ తెరలోకి వెళ్లి అక్కడి నుంచే మార్చండి. దానిలో బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీని ముందే రాసిపెట్టుకోండి. బయోస్ మారాక విండోస్ అది అడగవచ్చు.

బటన్ లేని బోర్డు ఇప్పటికే కొనేసి ఉంటే, అదే సాకెట్ పాత తరం ప్రాసెసర్ ఎవరి దగ్గరైనా ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. లేదా అమ్మిన దుకాణంలోనే బయోస్ వేయించండి. బోర్డు సరిపోతుందని చెప్పి అమ్మినవారికి ఆ బాధ్యత ఉంటుంది.

పని పూర్తయ్యాక ఎస్‌ఎంపీఎస్ ఆపి, మాన్యువల్‌లో చూపిన జంపర్‌తో సీమోస్ క్లియర్ చేసి (అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చి), అప్పుడు ఆన్ చేయండి.

4. డిస్‌ప్లే వచ్చింది, కానీ నిలకడ లేదు

ఇక్కడ మొదటి అనుమానం ర్యామ్ మీదే. ర్యామ్‌ను మామూలుకంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో సెట్టింగులను బయోస్‌లో ఆపేసి ఒక రోజు వాడి చూడండి. నిలకడ వస్తే బోర్డు పాడవలేదు, ఆ ర్యామ్ వేగం దానికి ఎక్కువైంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును ఒక రాత్రి నడపండి. ర్యామ్ ఎప్పుడూ రెండు ముక్కల జతగా, ఒకే ప్యాకెట్‌లో కొనాలి. ఇప్పుడొకటి, ఆర్నెల్ల తర్వాత అదే మోడల్ ఇంకొకటి కొంటే లోపలి చిప్‌లు వేరుగా ఉండవచ్చు. నాలుగు స్లాట్లు ఉన్నాయని నాలుగూ నింపడం డీడీఆర్5లో మానుకోండి. రైజెన్ 7000, 9000లలో రెండు ముక్కలకు అధికారిక వేగం వరుసగా 5200, 5600. నాలుగు పెడితే అది 3600కు పడిపోతుంది.

ర్యామ్ బాగున్నా ఆటల్లో, వీడియో పనుల్లో ఆగిపోతుంటే ప్రాసెసర్ ఏదో చూడండి. ఇంటెల్ 13, 14 తరాల్లో ఎక్కువ శక్తి తీసుకునే మోడళ్లలో వోల్టేజీ వల్ల వచ్చే అస్థిరత 2024లో పెద్ద చర్చ అయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఇంటెల్ 0ఎక్స్12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిచేసే చిన్న కోడ్) ఇచ్చింది, అది బయోస్ ద్వారానే వస్తుంది. వారంటీని రెండేళ్లు పెంచింది కూడా. ఈ ప్రాసెసర్లు ఉన్నవారు అంతకంటే పాత బయోస్‌తో ఒక్క రోజు కూడా నడపకూడదు. జరిగిపోయిన నష్టాన్ని బయోస్ సరిచేయదు. అప్పటికే దెబ్బతిన్నదాన్ని వారంటీలో మార్చుకోవాల్సిందే. ఏఎం5లో కూడా 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాక ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీని నడిపించే భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటకుండా కొత్త బయోస్‌లలో కట్టడి చేశారు.

డ్రైవ్ కనిపించకపోతే మాన్యువల్‌లో ఎం.2 (చిన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో పెట్టే స్లాట్) పేజీ చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నింపితే కేబుల్‌తో డ్రైవ్ తగిలించే సాటా పోర్టులు ఒకటి రెండు ఆగిపోతాయి. కేబుల్ పక్క పోర్టుకు మార్చితే సరి.

5. ఇవన్నీ చేసినా రాకపోతే

ప్రాసెసర్ తీసి సాకెట్‌ను టార్చ్ వెలుగులో పక్క నుంచి చూడండి. ఏఎం5, ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు బోర్డులోనే ఉంటాయి. వరుసలో ఒక్కటి వంగినా ఆ చోట మెరుపు తేడాగా కనిపిస్తుంది. సూదితో సరిచేయబోకండి. వంగిన పిన్నులకు వారంటీ దొరకడం కష్టం. అందుకే కొత్త బోర్డు మూత తీసిన క్షణమే సాకెట్‌ను దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోవాలి. వారంటీకి పంపేటప్పుడు బిల్లుతో పాటు ఆ ఫొటో, స్టిక్కర్ ఫొటో జతచేయండి. సాకెట్ ప్లాస్టిక్ మూతను తిరిగి బిగించి పంపండి. మూత లేని బోర్డును చాలా సర్వీసు సెంటర్లు తీసుకోవు కాబట్టి దాన్ని మొదటి రోజే బోర్డు పెట్టెలో వేసి భద్రపరచండి.